కొలత తీసి కుట్టిన అంగి



బొగ్గుబాయి కార్మికుడు అనగానే మసి అంటిన ముఖం, నెత్తిన టోపీ, టోపీకి లైటు గుర్తుకొస్తాయి. పత్రికలో ఫొటో వేసినా, గోడ మీద బొమ్మ గీసినా, చౌరస్తాలో విగ్రహం నిలబెట్టినా అదే రూపం. ఆ రూపం నిజమే, దాని వెనుక ఉన్న కష్టమూ నిజమే. అయితే ఆ కార్మికుడు ఎనిమిది గంటల డ్యూటీ దిగి, స్నానం చేసి, ఏ బట్టలు తొడుక్కుని బజారుకు వస్తాడు? ఆ బట్ట ఎవరు కోశారు, ఎవరు కుట్టారు, కాలరు అలాగే ఉండాలని చెప్పిందెవరు? మన గోదావరిఖని మీద, రామగుండం మీద ఎన్నో కథలు వచ్చాయి, పాటలు వచ్చాయి. ఇక్కడి మనుషుల ఇంటి బట్టల గురించి మాట్లాడినవాళ్లు మాత్రం తక్కువ. ఈ పూట ఆ మాట మాట్లాడుకుందాం.

సాయంత్రం పూట లక్ష్మీనగర్ బజారులో కాసేపు నిలబడి చూడండి. మొదటి షిఫ్టు దిగి, ఇంటికిపోయి, అన్నం తిని, కాస్త నడుం వాల్చి లేచినవాళ్లు అప్పటికి బజారుకు వస్తారు. ఎన్ని తెల్ల అంగీలు కనబడతాయో లెక్కపెట్టలేం. ఇస్త్రీ మడత చెదరని తెల్ల అంగి, ముదురు రంగు ప్యాంటు, జేబులో పెన్ను. ఈ ఊళ్లో తెల్లబట్టను తెల్లగా ఉంచడం ఎంత కష్టమో ఇక్కడి ఆడవాళ్లను అడగాలి. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయితే దుమ్ము లేస్తుంది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క ఇళ్లలో పొద్దున తీగ మీద వేసిన బట్ట ఆరేసరికి రంగు మారుతుంది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊరు. చెమటకు ఆ దుమ్ము తోడైతే కాలరు లోపల నల్లగీత పడుతుంది, దాన్ని వదిలించాలంటే బ్రష్షు పెట్టి రుద్దాల్సిందే. ఇవన్నీ తెలిసి కూడా మనవాళ్లు తెల్లదే కావాలంటారు. ఇది ఉత్త మోజు అని నేననుకోను. రోజులో మూడోవంతు తన ఒంటి రంగును బొగ్గుకు ఇచ్చిన మనిషి మిగతా సమయంలో తన రంగు తానే ఎంచుకుంటున్నాడు. బట్టలో తన వ్యక్తిత్వాన్ని చూపించుకోవడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ బట్టల కథ చెప్పాలంటే బొగ్గు కథ కొంత చెప్పాలి. ఇల్లెందు దగ్గర 1871లో భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ విలియం కింగ్ బొగ్గు పొరల్ని గుర్తించారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. మన రామగుండం వైపు బాయిలు వచ్చింది ఇంకా చాలా తర్వాత, 1960వ దశకంలో. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి ధోవతి, రుమాలు కట్టుకున్న మగవాళ్లు వచ్చారు. గోచి పోసి చీర కట్టిన ఆడవాళ్లు వచ్చారు. కోస్తా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి కూడా జనం వచ్చారు. వాళ్ల వెంట పల్లెల్లో కుట్టుపని చేసే మేరోళ్లూ వచ్చారు. ఊళ్లో పంటకిన్ని గింజలు తీసుకుని రైతులకు బట్టలు కుట్టిన ఆ చేతులు ఇక్కడ జీతం రోజు డబ్బులు తీసుకుని కుట్టడం నేర్చుకున్నాయి. మగ్గం మీద బతుకు గడవక బాయి పట్టిన పద్మశాలీలూ ఉన్నారు. మార్కండేయ కాలనీ అనే పేరు ఈ ఊళ్లో ఎందుకుందో ఆలోచిస్తే, నేత తెలిసిన మనుషులు ఈ బొగ్గునేలలో ఎంత కలిసిపోయారో తెలుస్తుంది.

మన ఇళ్లలో బట్టలు రెండు రకాలు. బాయి బట్టలు, ఇంటి బట్టలు. రెండింటికీ వేర్వేరు తీగలు, వేర్వేరు బకెట్లు. బాయి బట్టల విషయంలో మనిషి ఇష్టానికి చోటు తక్కువ. టోపీ పెట్టుకోవాలి, బూట్లు వేసుకోవాలి, నడుముకు బెల్టు కట్టాలి, ఆ బెల్టుకు లైటు బ్యాటరీ, విషవాయువుల నుంచి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ తగిలించాలి. తిరిగే యంత్రాల దగ్గర వదులు బట్టలు వేసుకోకూడదని గనుల భద్రతా నిబంధనలు చెప్తాయి. బెల్టు కన్వేయరుకు అంగి కొస అందితే చాలు, చెయ్యి పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. కాబట్టి బట్ట ఒంటికి సరిపోవడమన్నది మన దగ్గర అందానికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు.

పాతకాలపు టోపీ లైటు బ్యాటరీలో యాసిడ్ ఉండేది. నడుము దగ్గర ఒక్క బొట్టు కారితే అంగి కొస, లాగు పై అంచు చిల్లులు పడేవి. కొత్తగా కొన్న బట్టయినా సరే, ఆ ఒక్కచోటే తినేసేది. మా అమ్మ మా బాపు బాయి లాగుకు నడుము దగ్గర లోపలినుంచి ఇంకో పొర మందం బట్ట వేసి కుట్టేది. వీధిలో చాలామంది ఆడవాళ్లు అట్లనే కుట్టేవాళ్లు. ఎవరి మనిషి బ్యాటరీ ఏ పక్క కట్టుకుంటాడో చూసి ఆ పక్కనే అతుకు. ఎడమ పక్క కట్టుకునేవాడికి ఎడమన, కుడిపక్క కట్టుకునేవాడికి కుడిన. ఫ్యాషన్ పుస్తకాల్లో రాయరు గాని, మనిషి అవసరం చూసి, మనిషి ఒళ్లు చూసి బట్ట తయారుచేయడమంటే అదే. ఇప్పుడు తేలికైన లిథియం బ్యాటరీ లైట్లు వచ్చాయి, ఆ అతుకుల అవసరం పోయింది.

ఇక దర్జీ దుకాణానికి వద్దాం. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది దర్జీ టేపు చూసిన సత్యం.

బట్టల కంపెనీ అంగి కోసేటప్పుడు మనిషి రెండు భుజాలూ సమానమనుకుని కోస్తుంది. మన దగ్గర అది చాలామందికి కుదరదు. ఏళ్ల తరబడి ఒకే భుజం మీద టింబరు దిమ్మెలు మోసిన మనిషికి ఆ భుజం దిగిపోయి ఉంటుంది. రెడీమేడ్ అంగి వేసుకుంటే ఒకపక్క కాలరు మెడకు ఆనదు, ఇంకోపక్క ముందు అంచు కిందికి జారుతుంది, గుండీల పట్టీ వంకరగా కనబడుతుంది. తట్ట, చెమ్మస్ అనే పార పట్టి బొగ్గు నింపిన ఫిల్లర్లకు చేతులు, రెక్కలు లావుగా, నడుము సన్నంగా ఉండేది. ఛాతీకి సరిపోయే సైజు కొంటే నడుము దగ్గర సంచీలా వేలాడేది, నడుముకు సరిపోయేది కొంటే చంకలో పిగిలేది. పాత దర్జీలు ఇవేవీ అడిగి తెలుసుకునేవాళ్లు కారు. మనిషి దుకాణం మెట్టు ఎక్కుతుంటేనే చూసేవాళ్లు. కొలతలు రాసుకునే పుస్తకంలో షోల్డరు పక్కన చిన్న గీత ఒకటి గీసుకునేవాళ్లు. దిగిన భుజం వైపు బట్ట కాస్త తగ్గించి కోసి, లోపల సన్నని ప్యాడు పెట్టి, కాలరు రెండు పక్కలా ఒక్కతీరుగా కూర్చునేట్టు చేసేవాళ్లు. ఆ అంగి వేసుకుని అద్దంలో చూసుకుంటే మనిషి నిటారుగా కనబడతాడు. తన ఒంట్లో పని మిగిల్చిన వంకర ఆ కాసేపు తనకూ కనబడదు. ఈ మర్యాద అంగట్లో తయారుగా దొరికే ఏ బట్టా ఇవ్వలేదు.

పని మారింది, ఒళ్లూ మారింది. తట్ట మోసే పని దాదాపు పోయింది. ఇప్పుడు సింగరేణి బొగ్గులో చాలా ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచే వస్తుంది. డంపరు, డోజరు, షవల్ నడిపే ఆపరేటర్లు షిఫ్టంతా కూర్చునే ఉంటారు. కూర్చున్న మనిషికి ప్యాంటు వెనకభాగం కొంచెం ఎత్తుగా ఉండాలి, లేకపోతే వంగినప్పుడల్లా కిందికి దిగుతుంది. తొడ దగ్గర వదులుండాలి. వెనక జేబులో పర్సు పెట్టుకుంటే నడుం నొప్పి, అందుకని జేబు ముందుకో పక్కకో రావాలి. ఇవన్నీ దర్జీకి చెప్పి కుట్టించుకునే ఆపరేటర్లు ఉన్నారు. చెయ్యి దెబ్బతిన్నవాళ్లకు గుండీలు పెట్టుకోవడం కష్టమైతే, పైకి గుండీలు కనబడుతూ లోపల ప్రెస్ బటన్లు పెట్టి కుట్టించుకునే వీలుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు, వేసుకునేవాళ్లకు మాత్రం ఎవరి సాయమూ లేకుండా తయారవ్వగలిగే ధైర్యం వస్తుంది. ఈ పట్టణపు పనిచరిత్ర రాయాలనుకునేవాళ్లు పాత దర్జీల కొలతల పుస్తకాలు చూడాలని నా కోరిక. ఏ సంవత్సరంలో ఏ ఒళ్లు ఎట్లా మారిందో అందులో అంగుళాల్లో ఉంటుంది.

పని చేసే మనిషికి దర్జీ చేసిన సాయం లోకాన్నే మార్చిన సందర్భం ఒకటి ఉంది. ఇల్లెందులో బొగ్గు బయటపడిన కాలంలోనే, అమెరికాలో నెవాడా రాష్ట్రం రెనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. కట్టెలు కొట్టే ఒక కూలీ భార్య ఆయన దగ్గరికి వచ్చి, నా భర్త ప్యాంటు ఎన్నిసార్లు కుట్టించినా చిరిగిపోతోంది, చిరగనిది కుట్టిపెట్టమని అడిగింది. డేవిస్ దళసరి తెల్లబట్ట తీసుకున్నాడు. జేబుల మూలలే ముందు పిగులుతాయని ఆయనకు తెలుసు. గుర్రపు జీనులకు, దుప్పట్లకు వేసే రాగి రివిట్లు దగ్గర ఉంటే, వాటిని జేబు మూలల్లో కొట్టాడు. ఆ ప్యాంటు చిరగలేదు. దాన్ని చూసి మిగతా కూలీలూ అడిగారు. పేటెంటు తీసుకోవడానికి డబ్బు చాలక, తనకు బట్ట సరఫరా చేసే శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి లెవీ స్ట్రాస్‌ను కలుపుకున్నాడు. 1873 మే 20న ఇద్దరికీ పేటెంటు వచ్చింది. ఇప్పుడు మన కాలేజీ పిల్లలు వేసుకునే జీన్స్ ప్యాంటు జేబు మూలన మెరిసే రాగి బొట్టు అదే. దాని వెనుక ఒక కూలీ కష్టం, అతని భార్య అడిగిన మాట, ఒక దర్జీ ఆలోచన ఉన్నాయి. జీన్స్ వేసుకున్న మనవడిని చూసి ముఖం చిట్లించే తాతలకు ఈ సంగతి చెప్పండి. అది గనులూ అడవులూ పట్టుకుని బతికిన మనుషుల బట్ట.

మన దగ్గర కూడా ఫ్యాషన్లు వచ్చిపోయాయి. 1970ల్లో బెల్‌బాటం వచ్చింది, పెద్ద కాలర్లు వచ్చాయి, టెరికాటన్ వచ్చింది. తర్వాత సఫారీలు. ఒకప్పుడు సఫారీ కుట్టించుకోవడమంటే బాయిలో పదోన్నతి వచ్చినంత సంబరం. ఇప్పటికీ పదవీ విరమణ సన్మానానికి కొత్తబట్టలు కుట్టించుకునే ఆనవాయితీ నిలిచే ఉంది.  చివరి డ్యూటీ దిగిన మనిషికి తోటివాళ్లు దండలు వేసి, శాలువా కప్పి, ఇంటిదాకా సాగనంపుతారు. ఆ రోజు వేసుకునే అంగి కోసం మనిషి నెల ముందే దర్జీ దగ్గరికి పోతాడు. ఇన్నేళ్లూ డ్యూటీ బట్టలు వేసుకున్న ఒంటికి తన చివరి రోజు బట్ట తానే ఎంచుకోవాలని ఉంటుంది.

ఆడవాళ్ల సంగతి ఇంకా లోతైనది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనిచేయనివ్వలేదు. 2019లో కేంద్రం నిబంధనలు సడలించాక సాంకేతిక, పర్యవేక్షణ పనులకు వాళ్లు పగటిపూట బాయిలోకి దిగే వీలు కలిగింది. కారుణ్య నియామకాల్లో భర్త స్థానంలో, తండ్రి స్థానంలో ఉద్యోగాల్లో చేరిన ఆడవాళ్లు వర్క్‌షాపుల్లో, స్టోర్లలో, ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. కూలిపనిలో ఉన్న ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ అంగి తొడుక్కుని, కొంగు లోపలికి దోపుకుని పనిచేయడం మన తెలంగాణలో ఎక్కడైనా కనబడుతుంది. ఎండ, దుమ్ము, ముళ్లు, యంత్రం – అన్నిటికీ ఆ అంగే కాపు. దాన్ని వాళ్లకు ఎవరూ డిజైన్ చేసి ఇవ్వలేదు, తమంతట తామే కనిపెట్టుకున్నారు. అయినా అది మగవాడి కొలత. భుజం జారుతుంది, తుంటి దగ్గర బిగుస్తుంది, చేతులు మడుచుకోవాల్సి వస్తుంది. ఆడమనిషి కొలతకు, ఆడమనిషి పనికి తగినట్టు, లోతైన జేబులతో, తుంటి దగ్గర పక్కచీలికతో డ్యూటీ దుస్తులు కుట్టించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఆ పని చేయడానికి చేతులు మన కాలనీల్లోనే ఉన్నాయి.

ఉన్నాయని ఎందుకంటున్నానంటే, సింగరేణి సేవా సమితి కార్మికుల భార్యలకు, కూతుళ్లకు ఏళ్లుగా కుట్టుపని, ఫ్యాషన్ డిజైనింగ్, మగ్గం వర్క్ నేర్పిస్తోంది. క్వార్టర్ వరండాలో కుట్టుమిషను ఉండడం మన కాలనీల్లో మామూలు దృశ్యం. దర్జీ అంటే మగవాడే అన్న రోజులు పోయాయి. వీధిలో ఒక ఆమె ఫాల్, పికో చేస్తుంది, ఇంకో ఆమె జాకెట్లు, మరో ఆమె పిల్లల ఫ్రాకులు. మధ్యాహ్నం అన్నాలైనాక మొదలయ్యే మిషను చప్పుడు రాత్రి షిఫ్టు చేసి నిద్రపోతున్న మనిషికి ఇబ్బంది కాకుండా పక్కింటి వరండాలోకి మార్చుకుంటారు. ఆ సర్దుబాటు కూడా ఇక్కడి పనిలో భాగమే.

జాకెట్ కుట్టించుకునే చోట ఆడవాళ్లు ఎంత స్పష్టంగా తమ ఇష్టాన్ని చెప్తారో వినాలి. "మెడ గింత లోతు వద్దక్కా, ముందు బోటునెక్కు పెట్టు, వెనక నాడాలు కావాలె." "చేతులు మోచేతి దాకా రావాలె, మా అత్త ఏమన్న అంటది." "పోయినసారి చంకల బిగిసింది, ఈసారి అరంగుళం వదులు." ఇంట్లో చాలా విషయాల్లో మాట చెల్లని ఆడపిల్ల కూడా ఇక్కడ తన మాట చెల్లించుకుంటుంది. మెడ ఎంత, చెయ్యి ఎంత, అంచు ఎక్కడ రావాలి అని ఆమె చెప్తుంటే అవతలి మనిషి చాక్‌పీసు పట్టుకుని శ్రద్ధగా వింటుంది, బట్ట మీద గీస్తుంది, మళ్లీ అడిగి రూఢి చేసుకుంటుంది. ఒక మనిషి తన ఒంటి గురించి తాను చెప్పింది ఇంకో మనిషి రాసుకోవడం చిన్న విషయం కాదు.

ఇక దసరా. మన కోల్‌బెల్టులో బట్టల పండుగ అదే. సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా సాధారణంగా ఆ పండుగ ముందే పంచుతారు. 2024లో 33 శాతం వాటా కింద 796 కోట్ల రూపాయలు ప్రకటించారు, ఒక్కొక్కరికి సగటున లక్షా 90 వేలు. కాంట్రాక్టు కార్మికులకు కూడా తొలిసారి తలా 5,000 రూపాయలు ఇచ్చారు. ఆ వారం లక్ష్మీనగర్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. పెద్ద షోరూములు, బంగారం దుకాణాలు కళకళలాడతాయి. దర్జీ దుకాణాల్లో మాత్రం అప్పటికే బోర్డు తిప్పేస్తారు, ఇంక ఆర్డర్లు తీసుకోరు. తెల్లవార్లూ మిషన్లు నడుస్తాయి, కాజాలు వేసేవాళ్లు, గుండీలు కుట్టేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు అందరూ ఆ పది రోజులు కన్ను మూయరు. సద్దుల బతుకమ్మ నాడు వీధి ఆడవాళ్లు ఒకే రంగు చీరలు, ఒకే తీరు జాకెట్లు కుట్టించుకుని ఆడడం ఈమధ్య బాగా పెరిగింది. అందరి చీరా ఒకటే అయినా జాకెట్ చేతుల దగ్గర, మెడ దగ్గర ఎవరి ముద్ర వాళ్లది ఉంటుంది.

లక్షా 90 వేలు వచ్చిన ఇంట్లో బట్టల ఖర్చు ఒక లెక్క. 5,000 వచ్చిన కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో ఇంకో లెక్క. అక్కడ అత్త చీర కోడలి లంగా అవుతుంది, పాత పట్టుచీర అంచు విప్పి చిన్నపిల్ల గౌనుకు వేస్తారు, అన్న ప్యాంటు తమ్ముడికి పొట్టి చేసి కుడతారు. ఆ ఇంట్లో కుట్టు తెలిసిన ఆడమనిషి ఉంటే పిల్లలు పండుగనాడు ఎవరికీ తీసిపోరు. ఎంతో కళ ఉన్న పని ఇది. దానికి దక్కే కూలి మాత్రం తక్కువ. సర్కారు బడి పిల్లల యూనిఫాంలు కుట్టే మహిళా సంఘాలకు జతకు ఇచ్చే కుట్టుకూలిని 2024లో 50 రూపాయల నుంచి 75కు పెంచారు. పెంచినందుకు సంతోషం. అంగీ, లాగూ కోసి, కుట్టి, కాజాలు వేసి, గుండీలు పెట్టి ఇవ్వడానికి 75 రూపాయలు ఇంకా తక్కువేనని నా అభిప్రాయం.

బట్ట కోసం మనం దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే సిరిసిల్ల ఉంది, 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన ఊరు. గోదావరి దాటితే చెన్నూరు, మంథని మీదుగా పోతే మహదేవపూర్. ఆ రెండు చోట్లా దసలి పట్టు ఉంది. అడవిలో మద్దిచెట్ల ఆకులు తిని పెరిగే పురుగు గూళ్ల నుంచి తీసిన దారం అది. రంగు వేయకపోయినా తేనెరంగులో మెరుస్తుంది. మన బొగ్గు దొరికే అడవుల అంచున దొరికే పట్టు మన పెళ్లిళ్లలో కనబడకపోవడం నాకు బాధగా ఉంటుంది. పెళ్లికొడుకు శేర్వానీ ఎక్కడినుంచో కిరాయికి తెస్తారు. దసలి పట్టుతో కుట్టించిన కుర్తా మీద మన మగ్గం వర్క్ వేయిస్తే ఆ పెళ్లికొడుకు ఎంత నిండుగా ఉంటాడో ఒక్కసారి చేసి చూడండి.

మెడ మీద వేసుకునే కండువా కూడా మన దగ్గర మాట్లాడుతుంది. ఎర్రది, గులాబీది, మూడు రంగులది – ఏ యూనియన్ మనిషో దూరంనుంచే తెలుస్తుంది. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మెలో బాయిలు ఆగినప్పుడు గొంగడి వేసుకుని, డప్పు పట్టుకుని ధూంధాంలు ఆడారు. గొంగడి గొర్రెలు కాసుకునే గొల్ల కురుమల బట్ట, ప్రజాగాయకుడు గద్దర్ భుజం మీద లోకమంతా చూసిన బట్ట. ఇప్పటి పిల్లలు టీషర్టు మీద రాతలు వేయించుకుంటున్నారు. ఊరి పేరు, క్రికెట్ జట్టు పేరు, గణేశ్ మండలి పేరు, బాపు పనిచేసే బాయి నంబరు. టోపీ లైటు బొమ్మ వీపు మీద ముద్రించుకుని తిరిగే కుర్రాణ్ణి చూస్తే నాకు ఆనందంగా ఉంటుంది. మా తరంలో చాలామంది పై ఊళ్లకు చదువుకు పోయినప్పుడు బొగ్గుబాయి ఇంటివాళ్లమని చెప్పుకోవడానికి జంకేవాళ్లం. ఈ పిల్లలు దాన్ని ఒంటి మీద వేసుకుని తిరుగుతున్నారు.

కుట్టించుకునేవాళ్లకు కొన్ని మాటలు చెప్పి ముగిస్తాను. నూలుబట్ట గాని, లైనింగు గాని కోయించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. లేకపోతే మొదటి ఉతుక్కే ముడుచుకుంటుంది. ఎండాకాలానికి కుట్టించే అంగీకి చంక దగ్గర కొంచెం వదులు చెప్పండి. ఆది జాకెట్ ఇచ్చేటప్పుడు అది ఇప్పుడు ఎక్కడ బిగుతుందో, ఎక్కడ వదులుందో నోటితో చెప్పండి, ఏడాదిలో ఒళ్లు మారుతుంది. లోపల కుట్టుకు అంగుళం బట్ట మిగల్చమని అడగండి, రేపు లావైనా ఆ జాకెట్ పనికొస్తుంది. ఫోనులో బొమ్మ చూపిస్తే చూపించండి గాని, ఆ బొమ్మలో మీకు నచ్చింది మెడా, చెయ్యా, రంగా అన్నది విడమరచి చెప్పండి. మీ పనేమిటో కూడా చెప్పండి. నిలబడి చేసే పనా, కూర్చుని చేసే పనా, భుజం నొప్పి ఉందా. మంచి దర్జీకి అది చాలు.

ఒక్కటి అడుగుతాను. వచ్చే దసరాకు షోరూములో ఎన్ని కొన్నా, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్క జతయినా బట్ట కొని మన వీధి దర్జీ దగ్గర, మన పక్క క్వార్టర్‌లో మిషను తొక్కే చెల్లె దగ్గర కుట్టించండి. నెల ముందు ఇవ్వండి, చివరి రోజు దాకా ఆగి వాళ్లను తొందరపెట్టకండి. కుట్టుకూలి దగ్గర బేరం చేయకండి. పిల్లల్ని మీరే వెంటబెట్టుకుని పోండి, కొలతలు ఇచ్చేటప్పుడు వాళ్లకు ఏం కావాలో వాళ్లనే చెప్పనివ్వండి.